టీ తొణకని కారు

“చెవులు అందరికీ ఉంటాయి వదినా, వినడం ఒకరిద్దరికే వస్తుంది,” అంటూ మొదలుపెట్టాడు మరిది, టీకొట్టు బల్ల మీద కాళ్ళు బారజాపుకుని.

అక్క ఊ కొట్టింది గాని ఆమె చూపు పక్కనున్న రేకుల షెడ్డు మీదే ఉంది. అందులో తమ్ముడి కారు ఉంది. అది షోరూములో కొన్న కారు కాదు. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని, అక్కా తమ్ముడూ ఒక్కొక్క బోల్టే బిగించి నిలబెట్టుకున్న కారు. మొదట్లో పిల్లిలా నడిచింది. దాన్ని షెడ్డులో ఉంచి ఇద్దరూ బస్సులో ఊరెళ్ళి వచ్చాక ఏమైందో, కాస్త వేగం అందుకోగానే చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. తమ్ముడు చక్రాలు మార్చి చూశాడు. ఇంజను కింది రబ్బర్లు మార్చాడు. పరుగులో ఉండగా న్యూట్రల్‌లోకి వేసినా వణుకు పోలేదు, అంటే తప్పు ఇంజనుది కాదు. అక్కడితో దారి మూసుకుపోయింది. “నా చేతులకి రాని విద్య అక్కా ఇది,” అని పాత సామాన్లవాణ్ణి రేపు పొద్దున్నే రమ్మన్నాడు, విప్పి పట్టుకుపొమ్మని.

అక్క దిగులు వేరే. ఈమధ్య ఆమెకి మరుపు భయం పట్టుకుంది. పొయ్యి ఆర్పానా, తలుపు వేశానా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేది. అందుకని ఏది ఎలా ఉండాలో అక్కడే గోళ్ళరంగుతో ఎర్రగీత పెట్టుకునేది, పొయ్యి మర మీద, మందుసీసా మూత మీద, కారు బిగించేటప్పుడు జత కుదిరిన చోటల్లా. ఇప్పుడా గీతలు ఎక్కడెక్కడ పెట్టిందో కూడా గట్టిగా చెప్పలేకపోతోంది. ఏ బోల్టో తనే మరిచిపోయిందేమో, తమ్ముడి కష్టమంతా తన మూలంగానే పాడైందేమో అని లోపల పీకుతూనే ఉంది.

మరిదికి ఇవేం పట్టవు.

“మొదట చిన్న పనే. ఓ డాక్టరుగారి కారు కూస్తోందన్నారు. పొడుగు స్క్రూడ్రైవరు కొస గేరుబాక్సుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకున్నా. లోపల బేరింగొకటి మూలుగుతోంది. అది మార్చండి అన్నా. మార్చారు, పోయింది.”

“ఇంతవరకూ నమ్మొచ్చు,” అన్నాడు ఎదురుగా కాజాలు కుడుతున్న దర్జీ.

“ఆగవయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంక స్క్రూడ్రైవరుతో పనేంటి, వీధి మలుపులో కారు తిరిగితే చాలు, మంచం మీద పడుకునే చెప్పేవాణ్ణి, వెనక కుడి చక్రం, లోపలి బేరింగు, అందులో పైనుంచి మూడో గుండు అని. ఒకాయన ఫోను చేసి హలో అనకముందే, బాబూ మీ కారు వెనక గేర్లలో నూనె ఎండిపోయింది అన్నా. ఆయన ఫోన్లోనే ఏడ్చాడు.”

“నూనె ఎండినందుకా?” అన్నాడు టీకొట్టాయన.

“కాదయ్యా, ఆయన కారు ఇంకా కొననేలేదు. కొనబోయే కారు సంగతి నేను ముందే చెప్పేశాను.”

దర్జీ సూదిలోకి దారం ఎక్కించడం ఆపాడు.

“అదేం చూశారు, ఓ పాలవ్యాపారి వ్యాను సంగతి వినండి. వణుకంటే అలాంటిలాంటి వణుకు కాదు, ఎక్కించేటప్పుడు పాలు, దించేటప్పుడు వెన్న. ఆయన మీసం ఇంటి దగ్గర ముక్కు కింద ఉంటే సంత చేరేసరికి గడ్డం మీదికి జారేది. నేను ఎక్కి, కళ్ళు మూసుకుని, ఆ మోత ఏ శ్రుతిలో ఉందో పట్టుకుని దానికి ఎదురు శ్రుతిలో కూనిరాగం తీశా. రెండూ ఢీకొని చచ్చాయి. ఇంజను ఆగిపోయిందనుకుని పాలాయన దిగి తోస్తున్నాడు, అది ఆయన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. లోపల నా చేతిలో అంచుదాకా టీ. చుక్క తొణకలేదు. ఆ నిశ్శబ్దం వీధివీధికీ పాకి గోడగడియారాలు సిగ్గుపడి ఆగిపోయాయి. కుక్కలు నోరు తెరుస్తాయి, అరుపు రాదు. పొద్దుగూకాక పెద్దమనుషులొచ్చి, నాయనా కాస్త చప్పుడు తిరిగి ఇప్పించు అని బతిమాలితే, జాలేసి ఒక్క దగ్గు దగ్గాను.”

“అంత చెవి పెట్టుకుని, గోడపక్కనున్న ఈ కారు రోగం వినపడలేదేమయ్యా?” అన్నాడు దర్జీ. “రేపు దాన్ని ముక్కలు చేసి మోసుకుపోతున్నారు.”

కోతలరాయుడు ఆకలైనా ఓర్చుకోగలడు గాని మాట పడలేడు.

“వినపడలేదని ఎవరన్నారు? వీళ్ళు ఊరెళ్ళినప్పుడే షెడ్డులో దూరి విన్నా. ఇంజను తిరుగుడుని వెనక చక్రాలకి మోసుకెళ్ళే పొడుగు కడ్డీ ఉంటుందే, షాఫ్టు, అది దాహమంటోంది. కిందికి దూరి, దాని రెండు ముక్కలూ ఊడలాగి, ఒకదాన్లో ఒకటి దూరే పళ్ళకి గ్రీజు పట్టించి, ఒంటిచేత్తో, కళ్ళు మూసుకుని మళ్ళీ దూర్చేశా. పైగా రెండు ముక్కల మీదా కలిపి ఏదో ఎర్రమరక. తుప్పనుకుని కిరసనాయిలు పెట్టి అద్దంలా తుడిచా. నేను చెయ్యి పెట్టబట్టే అది ఈపాటికి విరగలేదు. చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గనక ఊరుకున్నా.”

అక్క గ్లాసు కింద పెట్టింది.

“మరక లావుగా ఉందా అబ్బాయ్, సన్నగా ఉందా?”

“సన్నగానే వదినా, గీత గీసినట్టు.”

“గీతే. నా గోళ్ళరంగు. ఏ పన్ను సందులో ఏ పన్ను దూరాలో గుర్తుండదని పెట్టుకున్నా. షాఫ్టు రెండు కొసల్లోనూ పంగలుంటాయి. రెండూ ఒకే వాటంగా నిలబడాలి. పళ్ళు సందు తప్పి దూరి, ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగి ఉంటే వణక్క ఏం చేస్తుంది?” అని, మరిది వైపు తిరిగి, “కళ్ళు మూసుకుని దూర్చానన్నావు చూడు, పొద్దుటినించీ నువ్వు చెప్పినవాటిలో అదొక్కటే నిజం,” అంది.

దర్జీ సూది దాచుకుని మరీ నవ్వాడు. అక్క నవ్వలేదు. తను మరిచిపోలేదు. ఆ మాట లోపల రెండుసార్లు అనుకుని, లేచి తమ్ముణ్ణి కేకేసింది.

తమ్ముడు కారు కింద పడుకుని చూశాడు. పంగలు ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. షాఫ్టు విప్పితే, కిరసనాయిలు గుడ్డ చేరని పళ్ళ సందుల్లో ముక్కకొక ఎర్రచుక్క మిగిలుంది. చుక్కకి చుక్క కలిపి బిగించాడు. అక్క ఇంట్లోంచి సీసా తెచ్చి, చెయ్యి వణక్కుండా, ఆ అతుకు మీద మళ్ళీ గీత గీసింది.

టీకొట్టాయన గ్లాసు నిండా వేడి టీ పోసి మరిది చేతిలో పెట్టాడు. “ఆ పాలవ్యానులో తొణకలేదన్నారుగా. వెనక కూర్చోండి, చూద్దాం.”

మరిది వేసుకున్నది తెల్ల చొక్కా. అందరూ చూస్తున్నారు, తప్పదు, ఎక్కాడు. అక్క ముందు కూర్చుంది. పిండిమర దాటాక తమ్ముడు వేగం పెంచాడు. వణుకు మొదలయ్యే చోటు వచ్చింది, పోయింది. ఇంకా పెంచాడు. కారు మళ్ళీ పిల్లిలా సాగిపోతోంది. అక్క వెనక్కి తిరిగి చూసింది. మరిది గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగించి, టీ అంచు వంక చూస్తున్నాడు.

తిరిగొచ్చి ఆపేసరికి టీ చల్లారింది, చుక్క తొణకలేదు. తమ్ముడు ఫోను తీసి పాత సామాన్లవాణ్ణి రావద్దన్నాడు. తర్వాత అక్క వైపు వంగి మెల్లిగా అన్నాడు:

“గమనించావా అక్కా, దారిపొడుగునా ఇంకో మోత కూడా వినపడలేదు.”