అడవిదాకా విడిపోయిన స్వెట్టరు

పొద్దుగూకే వేళ ఉట్నూర్ అడవిలోంచి ఉరికొచ్చిన మొండయ్య తలుపు గడియ పెట్టి, దానికే వీపు ఆనించి నిలబడ్డాడు. ఒంటిమీది ఉన్ని స్వెట్టరులో మెడపట్టీ ఒక్కటే మిగిలింది. దాన్నుంచి వేలాడే నల్ల దారం తలుపు కిందుగా బయటికి పోతోంది.

“స్వెట్టరేదయ్యా?” అంది పెండ్లాం.

“కొస గుడ్డెలుగు గోటికి తట్టుకున్నదే. నేను ఉరికినకొద్దీ విడిపోయింది. కత్తెర తే, తెంపుదాం. దారం పట్టుకొని అది ఇంటికే వస్తది.”

“తెంపితే ముడి పడ్తది. మన నల్లగొర్రె ఉన్ని అది. మీ బాపుకు అల్లిందే విప్పి నీకు అల్లిన, రేపు మనుమనికి అల్లాలె. ఆ మెడపట్టీ ఇటియ్యి, దానిమీదనే చుడ్త.”

“చుట్టకే, నీ కాల్మొక్త. నువ్వు గుంజితే అదే వస్తది.”

“రానియ్యి.”

ఆమె చుడుతూనే ఉంది. ఉండ పెద్ద గుమ్మడికాయంత అయింది.

“నీ స్వెట్టరుకు ఇంత ఉన్ని లేకుండె గదా?”

“లేకుండె.”

“చేతికి గరుకుగ గూడ తాకుతాంది.”

మొండయ్య ఉండను తడిమి, చేయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“ఇది గొర్రె ఉన్ని కాదే, ఎలుగు బొచ్చు. నా దారం ఎప్పుడో అయిపోయింది. నువ్వు దాన్నే విప్పుతున్నవ్.”

తలుపవతల ఏదో వచ్చి కూలబడింది. పళ్లు టకటకమన్నాయి.

“కొరుకుతాందే...”

“కొరుకుడు కాదు, బొచ్చు పోయి చలికి వణుకుతాంది. తలుపు తియ్యకుంటనే జర ఛాతి కొలత అడుగు, తెల్లారేసరికి అల్లి ఇస్త.”