వదిన నుంచి వచ్చిన జబ్బు

అది కాదత్తయ్యా, "ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బుందా" అని డాక్టరమ్మ అడిగితే, మీరు వేలెత్తి నన్ను చూపించడమేంటి?

ఆవిడ నవ్వాపుకోలేక ఫైల్లో మొహం దాచుకుంది, చూశారా? "వదిన నుంచి ఆడపడుచుకి రాదమ్మా, రక్తసంబంధం ఉండాలి" అంది. ఎండోమెట్రియోసిస్ అంటే జలుబనుకున్నారా, పక్కన కూర్చుంటే అంటుకోవడానికి?

కూర్చోండి. మీరు నిలబడితే లోపల ఆపరేషను తొందరగా అయిపోదు. మీ అమ్మాయిని, చిన్నదాన్ని, ఇప్పుడేగా లోపలికి తీసుకెళ్ళారు. కడుపు మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, గొట్టం పంపి, ఆ గడ్డ తీసేస్తారు. నాకూ అలాగే చేశారు. అప్పుడు మీరు రాలేదుగా, మోకాళ్ళ నొప్పన్నారు. ఇవాళ అవే మోకాళ్ళతో మెట్లన్నీ ఎక్కేశారు, లిఫ్టు వచ్చేదాకా కూడా ఆగలేదు.

అబ్బే, దెప్పట్లేదు. సరే, దెప్పుతున్నాను. కాసేపు దెప్పనివ్వండి, ఎటూ ఇక్కడ వేరే పనేం లేదు.

నేను వంటింట్లో నేల మీద ముడుచుకు పడుకుంటే ఏమన్నారు? "మేమంతా ఆడవాళ్ళం కాదా, నీకొక్కదానికేనా?" అన్నారు. చిన్నది కాలేజీ బస్సులో ముడుచుకుంటే మాత్రం టాక్సీ! అదే నొప్పండీ, అదే చోట. దానిది నొప్పి, నాది నాటకం.

నా జబ్బుకి పేరు దొరకడానికే ఏళ్ళు పట్టింది. గ్యాసన్నారు, భయమన్నారు. ఒక డాక్టరుగారైతే, "పెళ్ళయిందిగా, ఒక బిడ్డని కనెయ్, సర్దుకుంటుంది" అన్నాడు. బిడ్డంటే భోజనమయ్యాక వేసుకునే మాత్ర అన్నట్టు!

చివరికి ఈ డాక్టరమ్మే విడమరిచి చెప్పింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట మొలుస్తుందట, అండాశయాల మీద, పేగుల మీద. నెలనెలా అదీ రక్తం కారుస్తుంది. పోవడానికి దారుండదు కదా, అక్కడే పేరుకుపోయి లోపలివన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒంట్లో ఈస్ట్రోజెన్ అని ఒక హార్మోనుంటుంది, దాని ఎరువుతోనే పెరుగుతుందట.

ఎందుకొస్తుందమ్మా అంటే, "ఇదీ అని తేల్చి చెప్పలేం" అంది. కొంత రక్తంలో రావచ్చట. కొన్ని రసాయనాలు ఒంట్లో దూరి హార్మోన్ల వేషం కడతాయట. వాటి మీద అనుమానమే గానీ రుజువు లేదంది.

ఇదంతా ఇంటికొచ్చి మీకు అప్పజెప్పానా, మీరు రెండే ముక్కలు పట్టుకున్నారు. రక్తం, రసాయనం.

రక్తం అనగానే మా అమ్మ. "జబ్బు పిల్లని అంటగట్టింది" అని చుట్టాలందరికీ ఫోన్లు! పాపం, మా అమ్మకి తెలిసిన నొప్పల్లా పన్నునొప్పి.

రసాయనం అనగానే నా ఉద్యోగం. డ్రైక్లీనింగ్ షాపు వాసనలకే వచ్చిందని మాన్పించేశారు. ఏమో, అయ్యుండొచ్చు! డాక్టరమ్మకే తెలీనిది నాకేం తెలుసు? కానీ ఆవిడ, "కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని చేసుకో" అంది గానీ మానెయ్యమనలేదు. కోటు మీద సిరా పడినా, కర్టెన్ మీద కాఫీ పడినా ఆ షాపులో నన్నే పిలిచేవారు. మరకల డాక్టరనేవారు నన్ను. సరే, మీ మాట విని మానేశాను. నొప్పి మానలేదు.

తర్వాత ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాల మీద పడ్డారు. పోనీలెండి, అది మంచిదే. మరి వాటితోపాటు నా హార్మోను మాత్రలెందుకు పారేశారు? "ఇవి పిల్లలు పుట్టకుండా వాడేవట" అని! ఆ ఎరువు తగ్గించడానికి ఇచ్చిన మందండీ అది. గడ్డ మళ్ళీ పెరిగింది. అది ఏ రసాయనం పని అంటారు?

చిన్నదానికి స్కానింగులో చాక్లెట్ సిస్ట్ అని వస్తే, "చిన్నప్పుడు చాక్లెట్లు తెగ తినేది డాక్టరమ్మా" అన్నారే! లోపల పాతబడిన రక్తం ఆ రంగులో ఉంటుందని ఆ పేరు పెట్టారత్తయ్యా.

ఒక మాట చెప్పనా? దానిదీ ఇదే జబ్బు అనగానే నాకు లోపల సంతోషమేసింది. నిజంగా. ఇప్పుడనండి ఎవరి రక్తమో, అనుకున్నాను. ఇందాక లోపలికి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ మీద నుంచి అది నా చెయ్యి పట్టుకుంది. మీరు అటుపక్కే ఉన్నారు, నా చెయ్యే పట్టుకుంది. "వదినా, నాకు పిల్లలు పుట్టరా?" అంది. "చాలామందికి పుడతారే, ముందు నువ్వు నొప్పి లేకుండా ఒక్కరోజు నిద్రపో" అన్నాను. ఆ సంతోషం ఎటు పోయిందో పోయింది.

ఆఁ? ఏంటి? కొంచెం గట్టిగా చెప్పండి, ఆ ట్రాలీ చప్పుడులో వినపడలేదు.

మీకా?

గర్భసంచి తీయించుకున్నారా? చిన్నది పుట్టిన తర్వాతే? మరి మామయ్యగారు ఏదో అపెండిక్స్ అనేవారు... ఓహో. అలా చెప్పుకున్నారా.

ఇద్దరు పిల్లల్ని కన్నాక కూడా నొప్పి పోలేదన్నమాట. మరి నాకెందుకు చెప్పలేదండీ? ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నాం కదా!

మీ అత్తగారా? ఆవిడా నాటకమే అందా?

సర్లెండి. నాకు కాదు, డాక్టరమ్మకి చెప్పండి. ఆవిడ అడిగింది అందుకే. నేను చెప్పను, మీ నోటితో మీరే చెప్పాలి. చిన్నదానికి పనికొస్తుంది.

మరి నొప్పొచ్చినప్పుడు ఏం చేసేవారు? బాత్రూంలో పంపు తిప్పేసి, ఆ చప్పుడులో ఏడ్చేవారా? మామయ్యగారు ఏం చేసేవారు?

రేడియో సౌండు పెంచేవారా!

నవ్వట్లేదండీ. అంటే, నవ్వొస్తోంది, ఏం చెయ్యను? నేను మూలుగుతుంటే మీ అబ్బాయి ఏం చేస్తారో తెలుసా? టీవీ రిమోటు వెతుక్కుంటారు. నొప్పేమో మీరు కూతురికిచ్చారు, సౌండు పెంచడం ఆయన కొడుక్కిచ్చారు. ఏ స్కానింగులోనూ కనపడదది. మాత్రలూ లేవు.

కళ్ళు తుడుచుకోండి. అదుగో, మెట్ల దగ్గర, మీ అబ్బాయే. పిలవకండి, వినపడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వస్తున్నారు.