నూటికి నలభై ఎర్రమూతలు

వాడిపారేసిన సీసా మూతలను రంగులవారీగా ఏరే షెడ్డు. అక్క ఏరుతుంది, తమ్ముడు సరిచూస్తాడు. పక్కబల్ల దగ్గర పిన్ని.

“మేనేజరుకి చెప్పకురా, నీ కాళ్ళు పట్టుకుంటా!”

“లే అక్కా, అందరూ చూస్తున్నారు. చెప్పక తప్పదు. కరిగించాక రంగు చెడితే నా మెడకి చుట్టుకుంటుంది.”

“నేనేం చేశానని?”

“నూటికి నలభై ఎర్రమూతలు, పది చాక్లెట్ రంగువి. ఏడాదిగా ఇదే లెక్క. ఈ వారం కుప్పలోంచి తీసి చూస్తే ఎరుపు ఇరవైకి పడింది, చాక్లెట్ ముప్పైకి ఎక్కింది. నీ ఎర్రడబ్బా మాత్రం ఎప్పట్లాగే నిండుతోంది. ఎలా?”

“ఏదో ఒక దోసెడు అలా వచ్చుంటుంది...”

“ఒక్క దోసెడైతే నేనూ సరిపెట్టుకునేవాణ్ణి. కుప్పకి నాలుగు వైపులా తీశాను. ప్రతిసారీ అంతే! జనం ఎర్రమూత డ్రింకు తాగడం తగ్గించారు. నువ్వేమో చాక్లెట్‌వి తీసుకెళ్ళి ఎరుపులో పోస్తున్నావు. నీ కళ్ళు...”

“నా కళ్ళకేం? సూదిలో దారం ఎక్కించి చూపించనా?”

“సరే, ఈ మూతది ఏ రంగు?”

“ఎరుపు.”

“చూశావా!”

“ఎరుపేరా, ఒట్టు! ఈ పని పోతే పిల్లల్నేసుకుని ఎక్కడికి పోను? మీ బావ మంచం దిగడు. నీ ఒక్కడి జీతంతో రెండిళ్ళు గడుస్తాయా?”

“నన్ను చంపకక్కా.”

“పిన్ని బల్ల చూశావా?”

“చూశా. అక్కడా అంతే.”

“ఆ చివరి బల్ల?”

“అక్కడా... అంతే.”

“అందరి కళ్ళూ ఒకే వారంలో పోయాయా? పిన్నీ, ఇలా రా. ఈ మూతది ఏ రంగు?”

“ఇదేం ప్రశ్నమ్మా? ఎరుపు. నెత్తురులా ఉంటేనూ!”

“కాదు పిన్నీ, సరిగ్గా చూడు. చాక్లెట్...”

“నీకేమైంది బాబూ?”

“అక్కా... అన్ని బల్లలూ లెక్కపెట్టింది నేనే.”

“ష్! ఎప్పట్నుంచిరా ఇలా?”

“తెలీదు. తెలీదక్కా. భయమేస్తోంది.”

“మేనేజరు వస్తున్నాడు. పిన్నీ, నువ్వేం వినలేదు.”

“అక్కా, వద్దు...”

“నోర్ముయ్. కళ్ళు తుడుచుకో. అక్కకి రంగులు కనపడట్లేదని చెప్పు.”