ముప్పై మెట్లు

మహానది సముద్రంలో కలిసేచోట ఒక రేవు. క్రేన్ నడిపేవాళ్ల విశ్రాంతి గది. ఒంటిగంట దాటింది. రెండో షిఫ్టుకు ఎక్కాల్సిన తిలోత్తమా సామల్ ఎదుట, కటక్ నుంచి బస్సులో వచ్చిన లిపికా భొయి అచ్చు కాగితాలు పరిచి కూర్చుంది. లిపికా పిల్లల పుస్తకాల సంపాదకురాలు; తిలోత్తమాను ఒడియాలో 'అపా' అంటుంది, అక్కా అని.

"సంతకం పెట్టను. ముందు ఈ పేజీ తీసెయ్."

"ఏ పేజీ, అపా?"

"నలభై ఒకటి. 'నాలుగు వందల మంది రాసిన పరీక్షలో తిలోత్తమా అందరికంటే ముందు నిలిచింది.' ఈ తిలోత్తమా ఎవరు?"

"మీరే కదా."

"నేను కాదు. నేను ఏ పరీక్షా రాయలేదు."

"అంటే... మూడొందలా? అంకె తప్పు పడిందా?"

"అంకె కాదు. పరీక్షే లేదు. అలా చూడకు, నీళ్లు తాగుతావా?"

"వద్దు. అపా, ఈ పుస్తకం నాలుగింటికి మెషీనెక్కాలి. పదహారు పేజీలు ఒకే కాగితం మీద పడతాయి. మీ పేజీ తీస్తే మిగతా పదిహేనూ ఆగిపోతాయి."

"ఆగనీ."

"బళ్లు తెరిచే నాటికి లైబ్రరీలకు చేరకపోతే ఈ ఏడాది ఇంక తీసుకోరు. మీ ఒక్కరి అధ్యాయం కాదు, పన్నెండు మంది బతుకులున్నాయి ఇందులో."

"ఆ పన్నెండూ ఇలాంటివేనా?"

"అలా అనకండి."

"మరెలా అనను? పరీక్ష సంగతి నీకెవరు చెప్పారు?"

"మొదటిసారి వచ్చినప్పుడు మీరే..."

"నేను క్రేన్ గురించి చెప్పాను. గంటసేపు దాని గురించే చెప్పాను. చిన్నప్పటి సంగతులు ఫోన్లో కనుక్కుంటానన్నావు. మళ్లీ చెయ్యలేదు. ఎవరికి చేశావు?"

"మీ తమ్ముడికి."

"టుకునాకా? వాడి నంబరు నీకెక్కడిది?"

"ఉంది. పనిమీద కలిశాను."

"అనుగుళ్‌లోనా? వాడు కాపలా కాసే సిమెంటు గోడౌన్‌లో నీకేం పని?"

"గోడౌన్... అటువైపే వెళ్లాను, వేరే అధ్యాయం కోసం. మాటల్లో మాటగా, మా అక్క రేవులో క్రేన్ నడుపుతుంది, ఆమె గురించి రాయండి అన్నారు."

"యూనియన్ వాళ్లు పంపారని చెప్పావు నాతో."

"వాళ్లూ చెప్పారు."

"సగం సగం చెప్పడం బాగా వచ్చు నీకు."

"అపా, టైము ఒంటిగంటా ఇరవై. మీకు రెండింటికి షిఫ్టు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. నిజం చెప్పండి, మార్చేద్దాం. నాలుగు లైన్లయితే ఫోన్లో చెప్పి ప్లేటు కొత్తది చేయిస్తాను. కానీ నాలుగే. ఆ చోట్లో పట్టాలి."

"నా బతుకు నాలుగు లైన్లలో పట్టాలా?"

"ఆ పరీక్ష పట్టింది కదా."

"నోరుంది నీకు. సరే, ఇదీ చూడు. 'పైన గాలి తోడేలులా ఊళ వేస్తుంది.' ఇదెవరు చెప్పారు?"

"అది... నేనే రాశాను. బాగుంటుందని."

"ఊళ వెయ్యదు. కింద గాలి చెట్టుకీ రేకుకీ తగిలి ముక్కలు ముక్కలుగా వస్తుంది. పైన దానికి అడ్డమేముంది? తెగదు, ఆగదు. ఒకే పట్టున తాళ్ల మీద సన్నగా మూలుగుతుంది. గాలి గంట మోగితే పని ఆపాలి మేము. ఆ గంట కన్నా ముందు నా చెవికి తెలుస్తుంది."

"మార్చేస్తాను. 'మూలుగుతుంది.' ఇప్పుడు ఆ నాలుగు లైన్లు."

"ముందు మిగతావాళ్లని చూడనీ. ఎవరెవరి మధ్య కూర్చోబెట్టావో నన్ను. ఇదెవరు, తేనె పట్టేవాడా... ఇది? అమ్మో. ఈ వేలాడుతున్నది మనిషేనా?"

"ఆ పేజీ అయిపోయింది, దాంతో పనిలేదు అపా."

"ఉండు. పీట మీద కూర్చుని, తాడుకి... ఎంత ఎత్తు?"

"ఆరువందల అడుగులు. కరెంటు ఫ్యాక్టరీ చిమ్నీ. రంగు వేసే మేస్త్రీ."

"నేను ఎక్కేది నూట నలభై మెట్లు. కేబిన్ ఉంది, కుర్చీ ఉంది. ఇతనికి చుట్టూ ఏమీ లేదు. ఇదీ ధైర్యమంటే. ముఖం కనబడదేం?"

"వద్దన్నారు. పేరు కూడా మార్చమన్నారు."

"ఎందుకట?"

"ఇంట్లోవాళ్లకి తెలియకూడదట."

"పాపం, భార్య ఏడుస్తుందనేమో. మా టుకునాకి ఈ బొమ్మ చూపిస్తే కళ్లు మూసుకుంటాడు."

"అపా, ఒంటిగంటా ముప్పై."

"తెలుసు. నేను గడియారం చూసి బతికేదాన్నే. రాసుకో మరి. ఇది మా నాన్న ఉద్యోగం. ఇదే క్రేను, మూడో నంబరు. పైన కేబిన్‌లోనే పోయాడు, గుండె ఆగి. కొక్కేనికి పెట్టె వేలాడుతోంది. దాన్ని దింపి, బ్రేకు వేసి, అప్పుడు పోయాడు."

"ఇదెందుకు చెప్పలేదు మీరు ఆ రోజు?"

"నువ్వు అడిగింది క్రేన్ గురించి. ఆయన పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు కదా, కారుణ్య నియామకం. అది. ఈ రేవులో క్రేన్ నడిపే మిగతా పదకొండుమందికీ తెలుసు ఆ సంగతి. వాళ్ల పిల్లలు బళ్లో నీ పుస్తకం చదివి, 'నాన్నా, తిలోత్తమా పిన్ని పరీక్షలో ఫస్టట' అంటే? రేపట్నుంచి ఈ గదిలో నేను అన్నం ఎలా తినను?"

"మరి ఆ పిల్లలకి నేనేం రాయను? నాన్న పోతే ఉద్యోగం వస్తుందనా? క్షమించండి. అలా అనుండకూడదు."

"అన్నావు కదా. పర్లేదు. అదే అడుగుతారు అందరూ, నువ్వు మొహం మీద అడిగావు."

"నాకు కోపం మీ మీద కాదు అపా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. మా నాన్న వలలు అల్లుతాడు. ఏడో తరగతిలో బళ్లో ఇలాంటి పుస్తకం ఇచ్చారు. అందులో ఒకాయన వీధి దీపం కింద చదివి ఫస్టు వచ్చాడు. నేనూ వెళ్లి కూర్చున్నాను వీధి దీపం కింద. ఇంట్లో దీపం ఉన్నా."

"ఫస్టు వచ్చావా?"

"నాలుగుసార్లు తప్పాను. తప్పిన ప్రతిసారీ ఆయన్ని తలచుకుని సిగ్గుపడ్డాను."

"ఆయన నిజంగా వచ్చాడా ఫస్టు?"

"అది ఇప్పటిదాకా ఆలోచించలేదు."

"అందుకే తీసెయ్యమంటున్నాను. నన్ను చూసి ఇంకో పిల్ల సిగ్గుపడకూడదు."

"అయితే చెప్పండి. ఉద్యోగం మీ ఇద్దరిలో మీకే ఎందుకు వచ్చింది? తమ్ముడు ఉన్నాడు, ఐటీఐ చదివాడు. ఎవరైనా కొడుక్కే ఇప్పించమంటారు."

"అమ్మా అదే అంది. మామయ్యలూ అదే అన్నారు. కర్మ అయిన మర్నాడు వాణ్ని తీసుకొచ్చారు ఇక్కడికి. ఎక్కి చూపించమన్నారు. షిఫ్టు మారే వేళ, రేవంతా నిలబడి చూస్తోంది. ముప్పై మెట్లెక్కాడు. అక్కడ కడ్డీ పట్టుకుని కూర్చుండిపోయాడు. వణుకుతూ, ఏడుస్తూ. ఇద్దరు వెళ్లి పసివాణ్ని దింపినట్టు దింపారు."

"అయ్యో."

"ఆ రోజు నుంచి వాడి పేరు ముప్పై మెట్లోడు. ఇప్పటికీ అంటారు. 'ముప్పై మెట్లోడు బాగున్నాడా' అని నన్నే అడుగుతారు."

"అప్పుడు మీరు ఎక్కారా?"

"నేను ఎప్పుడో ఎక్కాను. పదమూడేళ్లప్పుడు నాన్నకి పఖాళ గిన్నె తీసుకెళ్లేదాన్ని, చద్దన్నం. కిందే ఇచ్చి రమ్మనేది అమ్మ. ఒకరోజు ఎవరూ చూడకుండా పైకెళ్లిపోయాను. కాళ్ల కింద అద్దం, అద్దం కింద సముద్రం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు ఇదే పని కావాలి అని ఒక్కడికే చెప్పాను."

"ఎవరికి?"

"టుకునాకి. ఇంకెవరితో చెప్పినా నవ్వుతారు. వాడు నవ్వలేదు. ఏంటలా అయిపోయావు?"

"ఏం లేదు. చెప్పండి."

"వాడు తనకి అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టాడు. ఉద్యోగం నాకొచ్చింది. పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు, అది ఆరునెలలు ఇక్కడ నేర్చుకున్నాను, తిట్లు తిని. అది రాయి. అమ్మ మాత్రం వాణ్ని క్షమించలేదు. పోయేముందు తులసి నీళ్లు వాడి చేత పోయించుకోలేదు. 'పిరికివాడి నీళ్లు నాకొద్దు, నువ్వు పొయ్యి' అంది నాతో. వాడు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు."

"ఏమన్నారు ఆయన?"

"ఏమంటాడు? గిన్నె నా చేతికిచ్చాడు. నేనూ తక్కువ తినలేదులే. రజ పండక్కి వస్తాడు ప్రతి ఏడూ, ఆడపిల్లలంతా ఉయ్యాలలు ఊగుతుంటారు. నువ్వూ ఎక్కరా, మూడడుగులే కదా అంటాను. నవ్వుతాడు. పిండివంటలు తింటాడు, వెళ్లిపోతాడు."

"అపా, ఆ సంగతి పుస్తకంలో... తమ్ముడి సంగతి లేకుండా రాద్దాం."

"ఎలా రాస్తావు? వాడు భయపడకపోతే నేను ఎక్కడున్నాను? ఇంట్లో బొగ్గుల కుంపటి విసురుతూ ఉండేదాన్ని. నిజం అన్నాక అదీ నిజమే. రాసుకో. 'తండ్రి చనిపోయాక ఆ ఉద్యోగం తమ్ముడికి రావాల్సింది. అతనికి ఎత్తంటే భయం. ముప్పై మెట్ల దగ్గర ఆగిపోయి, అక్కకి ఇమ్మని సంతకం పెట్టాడు. ఆమె ఆరునెలల్లో పని నేర్చుకుంది.' సరిపోయాయా?"

"నాలుగు లైన్లే. సరిగ్గా."

"ఇంకేం? ముఖం అలా పెట్టావేం? బాగాలేదా?"

"బాగుంది. కానీ ఆయన్ని అడక్కుండా ఆయన భయం గురించి అచ్చువెయ్యకూడదు. నేను సాయంత్రం ఫోన్ చేసి..."

"నాలుగింటికి మెషీనెక్కుతుందన్నావు."

"ఇప్పుడు పనిలో ఉంటారు."

"గోడౌన్ కాపలావాడికి ఏం పని, సిమెంటు బస్తాలు లేచి పారిపోతాయా? ఉండు, నేనే చేస్తాను. స్పీకర్లో పెడతాను, నువ్వూ విను."

"అపా, వద్దు."

"ఎందుకు వద్దు?"

"ఊరికే. మాట్లాడే వీలు ఉండదేమోనని."

"మోగుతోంది. ఎత్తాడు. టుకునా?"

"అపా? ఏమైంది? షిఫ్టుకి వెళ్లలేదా?"

"వెళ్తున్నాను. కటక్ నుంచి లిపికా వచ్చింది, పక్కనే ఉంది. పరీక్షలో ఫస్టు వచ్చానని చెప్పావట నా గురించి. ఉన్నావా? గొంతు దూరంగా ఉంది."

"ఉన్నాను. ఫ్యాను. పెద్ద ఫ్యాను పెట్టారు గోడౌన్‌లో."

"ఎందుకు చెప్పావురా అలా?"

"నాన్న ఉద్యోగం అంటే నిన్ను చిన్నచూపు చూస్తారని. పుస్తకంలో పడితే ఇంకెవడూ నోరెత్తడు కదా."

"అది కొట్టేయించాను. దాని బదులు ఉన్నది ఉన్నట్టు రాయించాను. నీ సంగతీ ఉంది అందులో. ఎత్తంటే భయం, ముప్పై మెట్లు, సంతకం. పేరు వెయ్యం. నీకిష్టమేనా?"

"వేసుకో. పేరు కూడా వేసుకో. అందరికీ తెలిసిందేగా."

"నిజంగా?"

"నిజంగా. లిపికా గారూ, అక్క చెప్పినట్టే రాయండి. అంతకుమించి ఒక్క ముక్క కూడా వద్దు. గుర్తుంది కదా?"

"గుర్తుంది."

"ఏం గుర్తుంది? ఏంటి మీ ఇద్దరికీ?"

"ఏం లేదు అపా. అచ్చుతప్పులు చూసుకోమంటున్నాను."

"టుకునా, ఇప్పటికీ భయమేనా?"

"ఇప్పటికీ. స్టూలెక్కినా కళ్లు తిరుగుతాయి."

"సరే. ఒక్క క్షణం మాట్లాడకుండా ఉండు."

"ఎందుకు?"

"ఉండమన్నాను. నీ వెనక చప్పుడు విననీ."

"అపా, పెట్టేయనా?"

"పెట్టకు. లిపికా, ఆ చిమ్నీ బొమ్మ ఇలా ఇవ్వు."

"అపా, నేను మాటిచ్చాను ఆయనకి."

"నువ్వేమీ చెప్పొద్దు. కాగితం ఇవ్వు, చాలు."

"ఇదిగో."

"అపా? ఏం చిమ్నీ? ఏం చూస్తున్నావు?"

"టుకునా, ఫ్యాను కాదది, తాళ్ల మీద తెగకుండా మూలుగుతోంది. ఇది ముప్పై మెట్ల గాలి కాదురా. ఎంత ఎత్తులో ఉన్నావు?"