జ్యోతిర్మయి కొరకు ప్రార్థన

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక ఉదయం. యూనివర్సిటీ క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ గేటు దగ్గర, బండి మీద యోహాను, మెట్ల మీద జ్యోతిర్మయి.

“కడుపు నొప్పి అన్నవు, తలనొప్పి అన్నవు, ఇప్పుడు చీర ఇస్త్రీ లేదంటున్నవు. ఏదన్న ఒక్కటి చెప్పు జ్యోతీ, నమ్ముతా.”

“మూడూ నిజమే యోహానన్నా.”

“నిన్న నువ్వే కద, ఇంటర్వ్యూకి నన్ను గూడ బండి మీద తీసుకపో అన్నది?”

“అది నిన్న. ఇయ్యాల రాను. నువ్వు పో, టైమ్ అయితున్నది.”

“నిజంగ రావా?”

“రాను.”

“ఒట్టు?”

“ఒట్లు పెట్టొద్దని సండే స్కూల్ల పిల్లలకు చెప్పేది నువ్వే కద.”

“సరే. అయితే పోతున్న.”

“పో.”

“మజ్జిగ తాగి పండుకో.”

“పండుకుంటా.”

“పోతున్న మరి.”

“పోతున్న పోతున్న అనుకుంట గీడనే ఉన్నవు. బండి స్టార్ట్ అయితలేదా?”

“బండి అయింది. నేనే అయితలేను.”

“ఏంది నీ బాధ?”

“ఉన్నది ఒక్కటే పోస్టు. సైకాలజీ లెక్చరర్. చివరికి మిగిలింది ముగ్గురం. నువ్వు, నేను, ముఖేష్. ముఖేష్ నోరు తెరిస్తే మళ్ళ మూయడు, వాళ్ళే లేపి పంపిస్తరు. నువ్వు రాకుంటే పోస్టు నాదే.”

“తెలుసు. సంతోషంగ పో అంటున్న కద.”

“సంతోషమే. మస్తు సంతోషం. నా మొఖం చూడు.”

“పన్ను పీకించుకోనీకి పోయేటోని లెక్క ఉన్నవు.”

“జ్యోతీ, నీకొకటి చెప్పాలె. చెప్పొద్దు, గానీ చెప్పాలె.”

“ఏంది?”

“శ్రమదినాలు మొదలైనప్పుడు తార్నాక చర్చిల, యూత్ మీటింగ్‌ల చీటీలు తీసినం కద. ఎవరి పేరొస్తే వాళ్ళ కోసం ఈస్టర్ దాక రోజూ ప్రార్థన చెయ్యాలె, ఎవరికీ చెప్పొద్దు అని.”

“అవును. నాకైతే...”

“నీది చెప్పకు! ఒక్క రూలన్నా మిగలనియ్యి.”

“నీకెవరొచ్చిన్రు? ఏందన్నా, నా దిక్కు గట్ల చూస్తవు? నేనా?”

“నువ్వే.”

“అయ్యో దేవా!”

“చీటీ విప్పంగనే నేను గూడ అదే అన్న. మళ్ళ మడిచి డబ్బల ఏద్దామనుకున్న. చీటీల డబ్బ పట్టుకున్న సుజాతక్క చూసి, ‘దేవుని చిత్తం బ్రదర్’ అన్నది.”

“మరి ఇన్ని రోజులు నా కోసం ప్రార్థన చేసినవా?”

“చేసిన.”

“పోస్టు రావాలెనని?”

“మొదటి వారం నీ ఆరోగ్యం కోసం చేసిన.”

“నాకేం రోగమున్నది?”

“ఏం లేదు. అందుకే అది వెంటనే ఫలించింది. రెండో వారం మీ హాస్టల్‌ల నీళ్ళ కోసం చేసిన.”

“ట్యాంకరు టైముకు వస్తుంటే వార్డెన్ మారిందనుకున్నం.”

“ఆ తర్వాత నీకొక మంచి సంబంధం రావాలెనని. పిలగాడు జర దూరం వాడైతే బాగుండునని. దుబాయ్ దిక్కు.”

“పెళ్ళి చేసి పంపించేద్దామనుకున్నవు!”

“మనసుల గట్ల లేదు. మనసు కింద ఉన్నదేమో.”

“దీనికి మన సబ్జెక్టుల మంచి మంచి పేర్లున్నయి అన్నా.”

“మా అమ్మ దగ్గర ఒక్కటే పేరున్నది. దొంగబుద్ధి.”

“ఇగ అసలు సంగతి ఎప్పుడు అడిగినవు?”

“పోయిన వారం ధైర్యం చేసిన. ‘తండ్రీ, జ్యోతిర్మయికి ఆ పోస్టు’ అనంగనే దగ్గు. ఒకటే దగ్గు. నీళ్ళు తాగి మళ్ళ మొదలుపెట్టిన, మళ్ళ దగ్గు. నీ పేరు దాక మంచిగనే పోతది. పోస్టు అనంగనే ఎవరో గొంతు పట్టుకున్నట్టు.”

“నీ పేరు పెట్టి చూసినవా?”

“చూడకుంట ఉంటనా? గంటసేపు చేసిన. గొంతు గంట లెక్క మోగింది.”

“పేపర్ రాసి జర్నల్‌కు పంపన్నా, వేసుకుంటరు.”

“నవ్వు, నవ్వు. నవ్వంగనే కడుపు నొప్పి పోయింది చూసినవా?”

“పోలే. మరి ఆ మాట ఎప్పుడన్న పూర్తిగ అన్నవా?”

“నిన్న పొద్దున. దగ్గుకుంటనే అన్న. అమ్మ మిరియాల కషాయం తెచ్చింది, అది తాగుకుంట అన్న. అయిపోయినంక ఏడుపొచ్చింది.”

“నా మీద ప్రేమతోనా?”

“నా మీద. గీ పిచ్చోని కోసం ఎవడన్న ఇంత కష్టపడి చేస్తున్నడో లేదో అని.”

“అమ్మకు తెలుసా నేను గూడ ఇంటర్వ్యూల ఉన్ననని?”

“అమ్మ లెక్కల ఇంటర్వ్యూ అయిపోయింది, ఆర్డరు గూడ వచ్చింది. లాలాగూడ క్వార్టర్స్‌ల ఇంటింటికీ చెప్పొచ్చింది, నా కొడుకు లెక్చరర్ అని. ఈస్టర్ ఆరాధనల మైకు పట్టుకొని, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తడని పాస్టర్ గారికి నా పేరు గూడ ఇచ్చింది.”

“రాకముందే సాక్ష్యమా?”

“విశ్వాసమట. పోయినేడు నాకు రెండు ఇంటర్వ్యూలు పోయినయి. అప్పుడెవరూ మైకు ఇయ్యలే. మన చర్చిల ఎప్పుడన్న విన్నవా, ఒకడు లేచి ‘దేవునికి స్తోత్రం, నాకు ఉద్యోగం రాలే’ అన్నది?”

“భాగ్య పెద్దమ్మ అన్నది ఒకసారి. ‘మోకాళ్ళ నొప్పి తగ్గలే, అయినా స్తోత్రం’ అని.”

“మైకు గుంజుకున్నరు కద.”

“గుంజుకొని పాటెత్తుకున్నరు.”

“జ్యోతీ, నవ్వులాట కాదు. నాకీ ఉద్యోగం కావాలె. ఈ నెలతోని నా ఫెలోషిప్ ఖతం. మే నెలల నాయిన రైల్వేల రిటైర్ అయితున్నడు, క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. ఇల్లు చూద్దామంటే, నీకు ఉద్యోగమొచ్చినంక చూద్దాం లే అంటడు. రోజూ గదే మాట. మంచిగనే అంటడు. మంచిగ అంటడని ఇంకింత భయమైతది.”

“అయితే పో అన్నా. నేను చెప్తున్న కద.”

“పోవచ్చు. రానన్నది నువ్వు. నేను నిన్ను ఆపలే, బెదిరియ్యలే, నీ చీర కాల్చలే. ఏ తప్పూ చెయ్యలే. ఇప్పుడు నేను చెయ్యాల్సింది గేరు వేసుడొక్కటే.”

“వెయ్యి మరి.”

“వేస్తే ఇయ్యాల రాత్రి నీ పేరు ఎట్ల ఎత్తాలె? ‘తండ్రీ, ఆమెనే రాలే, నేనేమనలే’ అని చెప్పాల్నా?”

“చెప్పు. ఆయనకు తెలుసు కద.”

“తెలుసు. గదే నా బాధ. తెలియకుంటే ఎప్పుడో సిగ్నల్ దాటిపోదును.”

“నీ జాగల ముఖేష్ ఉంటే ఈపాటికి కాలేజీల కూసుండి నీళ్ళు తాగుతుండె.”

“ముఖేష్‌కు చీటీల నువ్వు రాలే. ఇగ లెవ్వు. లేచి చీర కట్టుకో.”

“ఇస్త్రీ...”

“నీ థీసిస్ కన్నా నయమే ఉంటది ఆ చీర. లెవ్వు.”

“థీసిస్ జోలికి పోకు.”

“సరే, నిజం చెప్తా, ఒక్కసారే చెప్తా. నువ్వు క్లాసు నాకన్న మంచిగ చెప్తవు. సెమినార్ల చూసిన. వెనక బెంచీల కూసోని కుళ్ళుకున్న. పిల్లలు నీ మొఖం దిక్కు చూసిన్రు, నేను చెప్పేటప్పుడు గోడ మీది గడియారం దిక్కు చూసిన్రు.”

“అన్నా. నేను వస్తే నీకు రాదు. తెలిసే అంటున్నవా?”

“తెలిసే. జల్ది చెయ్యి జ్యోతీ. నా మనసు మారుతది. దాని సంగతి నాకు తెలుసు, గేటు కాడ ఇంకింతసేపు నిలబెడితే చాలు.”

“ఐదు నిమిషాలు ఆగు.”

“మూడే!”

తార్నాక సిగ్నల్ దగ్గర బండి ఆగింది.

“కొంగు చక్రంల పడ్తది, జర చూసుకో.”

“చూసుకున్న. అన్నా, దగ్గు వస్తలేదు కద?”

“వస్తనే ఉన్నది. హెల్మెట్ల నీకు వినపడతలేదు.”

“పాపం.”

“ఆ పాపం మాట అనకు. ఇప్పుడు నిజం చెప్పు, ఎందుకు రానన్నవు? నా మీద జాలిపడి అయితే గీడనే దిగిపో.”

“జాలి కాదు. సిగ్గు.”

“నీకేం సిగ్గు?”

“రాత్రి మా మేనమామ ఫోన్ చేసిండు. కాలేజీ పెద్దాయనతోని మాట్లాడిండట. ‘పోస్టు నీకే, ఊర్కె పోయి కూసుండి రా, మిగిలినోళ్ళను పిలిసేది లోకం కోసం’ అన్నడు. ‘దేవుడు తలుపు తెరిసిండు బిడ్డా’ అన్నడు. అన్నా, గ్రీన్ పడ్డది. హారన్లు కొడుతున్నరు.”

“అంటే నేను నిన్ను బతిమిలాడి, నా బండి మీద ఎక్కించుకొని, నా పెట్రోలు పోసి, నా ఉద్యోగం నీకిప్పియ్యనీకి తీసుకపోతున్ననా? గా మెట్ల మీదనే నిన్ను విడిచిపెట్టి పోతే...”

“పోయినా నీకు రాదు. పొద్దున మామయ్యకు ఒంట్లో బాగలేదని చెప్పిన, ‘పండుకో, ఆర్డరు ఇంటికే తెస్తా’ అన్నడు. నేను రాకున్నా నాకే అన్నా. నీకు చెప్పనీకి నోరు రాలే. వాళ్ళందరి ముందట గిట్లొచ్చే పోస్టు నాకు వద్దని చెప్పనీకి ఒక్కదాన్ని పోయే ధైర్యం లేక మెట్ల మీద కూసున్న. ఇప్పుడు ఇద్దరమైనం, బండి పోనియ్యి.”