ఆడపిల్లల హాస్టల్ లైను

కర్నూలులో ఒక కాలేజీ కరస్పాండెంట్ కమిటీ తీర్మానం కాగితం తెచ్చి ప్రిన్సిపాల్ మేడమ్ ముందు పెట్టాడు. పదేండ్ల కిందట జిల్లాలోని కాలేజీల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపింది ఆమే. ఆ కాగితం చదివేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"ఆడపిల్లల హాస్టల్‌కు ఇంటర్నెట్ ఎందుకు తీసేస్తాండారు?"

"ఎవురెవురితోనో మాట్లాడతాండారని పెద్దోళ్ళు గొడవ చేస్తాండారు మేడమ్. సంతకం పెట్టండి."

"మగపిల్లల హాస్టల్‌కూ తీసేస్తాండారా?"

"వాళ్ళ సంగతి వేరే."

"ఏం వేరే? చెప్పండి, వింటా."

"కోపమెందుకు మేడమ్? కంప్యూటర్ ల్యాబు ఉండాది కదా."

"సాయంత్రం ఆరుకల్లా ల్యాబుకు తాళమేయమన్నది మీరే! కడపకు లైను కలిసిన రోజు మొదటి మెయిలు పంపింది ఎవురో తెలుసునా? ఓర్వకల్లు కూలోళ్ళ బిడ్డ, స్తుతి. ఈ పొద్దు ఆ పిల్లే మన లెక్చరర్. ఆ పొద్దు నేనూ మీ మాదిరి తలుపు మూసింటే యాడుండేది?"

"మీరు సంతకం పెట్టకుంటే, ఇంగొక ప్రిన్సిపాల్ వచ్చి పెడతాడు."

ఆమె పెన్ను తీసి, తీర్మానం కింద 'ఒప్పుకోను' అని రాసి సంతకం పెట్టింది.

"దీన్ని ఇప్పుడే అన్ని కాలేజీలకూ మెయిల్లో పంపిస్తా. మీ తీర్మానమూ, నా జవాబూ రెండూ చదవనీ."

"అయ్యో, బయట పెట్టొద్దు మేడమ్! పరువు పోతాది. కమిటీలో ఇంగోసారి మాట్లాడదాం."

"మాట్లాడదాం. ఈసారి ఆ పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకొని మాట్లాడదాం."