ఊరంతా వాయిదాకు వచ్చిన పొద్దు

"అమ్మమ్మా, పొద్దటి నుంచి రాంబాబు మామయ్య నీ పాస్‌బుక్కు కోసం బీరువా అంతా గెలుకుతున్నడు. నువ్వేమో అది ఎవరికో కట్టేసి ఉన్నదని నవ్వుతున్నవ్. పాస్‌బుక్కును కట్టేసుడేంది?"

వెతకనీయే. వెతికితే బీరువా అన్నా సర్దినట్టు అయితది. నువ్వు ఆ ఫోను తీసుకపోయి మిరపకాయల మీద పెట్టకు, ఇటు ఈ పీట మీద పెట్టు. రికార్డు అయితుందా? అయితే కానీ. చేతులు ఖాళీగ పెట్టుకోని కూసోకు బిడ్డా, తాలు కాయలు ఏరుకుంట ఇను. ఎర్రటియి ఇటు, తెల్లబడ్డయి అటు. కళ్లు మాత్రం ముట్టుకోకు, తర్వాత మీ అమ్మ నన్ను అంటది.

ఆ పాస్‌బుక్కు నా చేనుది. మీ మామయ్యది కాదు, మీ తాతది కాదు, నాది. మా అమ్మ వేంసూరుల ఉంటుండె, నువ్వు చూడలే, మీ అమ్మ చూసింది. ఆమె నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి. అంటే ఇదే భూమి కాదు, అక్కడిది అమ్మి మీ తాత తల్లాడ దగ్గర ఈ చేను తీసుకున్నడు. తీసుకున్నా గానీ రాసింది నా పేరు మీదనే. రాయకపోతే ఊకుంటనా నేను? మీ తాత మంచోడే, కానీ మర్చిపోయే మనిషి. గట్లాంటోనికి గుర్తు చెయ్యాలె. ఏం చెప్తున్న... ఆ, పాస్‌బుక్కు.

మన చేన్ల కాయ ఏరేటోళ్లు ఎక్కడి నుంచి వస్తరో ఎరుకే కదా నీకు. భద్రాచలం దిక్కు అడివి అంచున గూడేల నుంచి. ముత్తమ్మ అని ఒకామె ముఠాను తీసుకోని ఏటా వస్తది. మనిషి నల్లగ, సన్నగ, చింతబరికె తీరుగ ఉంటది. పాటలు పాడుకుంట ఏరుతది. ఆమె చేన్ల ఉంటే నాకు రేడియో అక్కర్లే. అసొంటి ముత్తమ్మ ఒక ఏడు వచ్చింది, పాట లేదు, మాట లేదు. ఏందే, పానం బాగలేదా, దవాఖానాకు పోదామా అంటే తలకాయ అడ్డంగ ఊపుతది. రెండు దినాలు చూసి మూడో దినం గట్టిగ అడిగిన. అప్పుడు చెప్పింది, తమ్ముడు జైల్ల ఉన్నడని.

జోగయ్య అని తమ్ముడు. అడివిల టేకు దుంగలు నరికిండని కేసు. నరికిండా లేదా అది కోర్టు చూసుకుంటది, నాకెట్ల ఎరుక? అయితే ముత్తమ్మ ఏమన్నదంటే, బెయిలు వచ్చిందమ్మా, వచ్చి చానా నాళ్లయింది అన్నది. నాకు అర్థం కాలే. బెయిలు వస్తే ఇంకా జైల్ల ఎందుకుంటడే అన్న. జామీను నిలబడేటోళ్లు లేరమ్మా అన్నది. చూసినవా? కోర్టు పొమ్మన్నది. కానీ ఇద్దరు వచ్చి, భూమి కాయితం చూపెట్టి, ఈ మనిషి వాయిదాలకు వస్తడు, మాదే పూచీ అని సంతకం పెట్టాలె. ఆ గూడెంల అందరూ పోడు కొట్టుకోని బతికేటోళ్లు. దున్నేటందుకు భూమి ఉన్నది, చూపెట్టేటందుకు కాయితం లేదు. ఇగ ఆ పిలగాడు, పిలగాడంటే పెండ్లయిందిలే, ఇద్దరు పిల్లలు, ఆయన జైల్లనే కూసున్నడు. తలుపు తీసి పెట్టిండ్రు గానీ గడప దాటనియ్యలే అన్నట్టు.

నాకు ఆ రాత్రి అన్నం పోలేదు. ఎందుకంటవా, మన ఇంట్ల కారం ఆయన చేతుల మీదుగ వచ్చిందే. ఆయన కూడా మూడు నాలుగేండ్లు ఏరిండు మన చేన్ల. తెల్లారి చీర మార్చుకోని, పాస్‌బుక్కు సంచిల ఏసుకోని బయలెల్లిన. మీ మామయ్య అడ్డం పడ్డడు. "అమ్మా, వాడు పారిపోతే నీ చేను మీదికి వస్తది, నీకేమన్నా పిచ్చా" అన్నడు. పిచ్చనే అనుకో, నా చేను, నా పిచ్చి అన్న. ఆ మాటకు ఒక వారం మాట్లాడలే నాతోని. మంచిగైంది, ఇంట్ల నిమ్మలంగ ఉండె.

రెండో జామీనుకు భద్రు సారు వచ్చిండు. మన పక్క తండా ఆయన, బడిల పంతులు చేసి రిటైరైండు. మీ అమ్మకు లెక్కలు చెప్పింది ఆయనే. అడిగిన వెంటనే టోపీ పెట్టుకోని లేచిండు. వకీలు రజిత అని చిన్న పిల్ల, నీ కన్నా నాలుగేండ్లు పెద్దగుంటదేమో, కాయితాలన్నీ ఆమె రాసింది. పాస్‌బుక్కు మీద కోర్టు ముద్ర కొట్టి ఇచ్చిండ్రు. ఆ ముద్ర ఉన్నన్ని నాళ్లు అది ఇంకొకరికి పనికిరాదు, ఆ మనిషికే కట్టుబడి ఉంటది. గిదే కట్టేసుడంటే. అర్థమైందా?

జోగయ్య బయటికొచ్చిండు. నేను ఆయనకు ఒకటే చెప్పిన. "అయ్యా, నువ్వు ఎటూ పారిపోవద్దు. పారిపోతే నా చేను పోతది" అన్న. పోనమ్మా అన్నడు. మాట తక్కువ మనిషి. వాయిదా వాయిదాకు వచ్చెటోడు. మేం కూడా ధైర్యమొచ్చి ఇంకో ఇద్దరికి, ముగ్గురికి జామీను ఇప్పిచ్చినం. ఊళ్లె మాకు జామీను సంఘం అని పేరు పెట్టిండ్రు, ఎక్కిరిస్తానికే పెట్టిండ్రు. మేం అదే ఖాయం చేసుకున్నం.

ఇగ ఎండాకాలం చివర్ల, మబ్బులు పడుతున్న దినాలు. మధ్యాన్నం రజిత ఫోను చేసింది. "అమ్మా, జోగయ్య వాయిదాకు రాలేదు" అన్నది. జడ్జి మేడంకు బాగ కోపమొచ్చిందట. రేపు పొద్దుగాల కల్లా మనిషి నా ముందర ఉండాలె, లేకపోతే వారెంటు, జామీనోళ్లకు నోటీసులు అన్నదట. మీ మామయ్య అక్కడ్నే ఉండి ఇన్నడు. నా దిక్కు ఓరకంట చూసిండు, అది ఇంకా మండింది నాకు.

నాకు చేను సంగతి ఒక ఎత్తు. కానీ వారెంటు వస్తే ఆ పిలగాడు మళ్ల లోపలికి పోతడు, ఈసారి బెయిలు ఎవరిస్తరు? తర్వాత ఏ గూడెపోనికి జామీను అంటే ఎవరన్న ముందుకొస్తరా? మా సంఘం అక్కడికి సమాప్తం. భద్రు సారును తీసుకోని ఆటో కిరాయి మాట్లాడుకోని పోయిన. ఫోను కలుస్తలేదు, ఆ గూడెంల సిగ్నలు ఉండదు. దారంతా నేను తిట్టుకుంటనే ఉన్న. సారు పాపం "ఊకో చెల్లె, ఊకో" అనుకుంట.

గూడెం ఇంకా కొంచెం దూరముందనంగ రోడ్డుకు అడ్డం తాడు కట్టి ఉన్నది. ఆడోళ్లంతా గుంపు, డోలు మోగుతుంది, పాటలు. ఆటో ఆగంగనే బిందెడు బురద నీళ్లు తెచ్చి నా మీద గుమ్మరిచ్చిండ్రు. ఎవరనుకున్నవ్? ముత్తమ్మ! పకపక నవ్వుతుంది. ఇస్త్రీ చీర బిడ్డా అది, మొత్తం ఆగమాగం. "నా చేను పోతుంటే నువ్వు నీళ్లు పోసి ఆడుతున్నవా ముత్తమ్మా, నీ తమ్ముడేడి, ఎటు పోయిండు" అని గట్టిగ కేకేసిన. డోలు ఆగిపోయింది. ఆమె మొహం చూడాలె, పాపం. "ఎటు పోతడమ్మా, ఈడ్నే ఉన్నడు" అన్నది.

నిజంగనే అక్కడ్నే ఉన్నడు. చేతిల విల్లు పట్టుకోని, నన్ను చూసి నవ్వుకుంట వచ్చిండు. వాయిదాకు ఎందుకు రాలేదు అని అడిగిన. ఏమన్నడో తెలుసా? "పారిపోవద్దన్నవ్ కదమ్మా. నేను ఊరు ఇడిసి అడుగు బయట పెట్టలే" అన్నడు.

అప్పుడు సారు అడుగుతే తెలిసింది. వాళ్లకది విత్తనాల పండుగ. కొత్త విత్తనం నేలల పడే ముందు చేసుకుంటరు. మగోళ్లు పొలిమేర లోపలి అడివిలనే వేటకు పోతరు, ఆడోళ్లు దారి కట్టి పండుగ మామూలు అడుగుతరు, బురద నీళ్లు పోస్తరు. ఆ పండుగ అయ్యేదాంక ఆ గూడెపోళ్లు పొలిమేర దాటరాదు. ఒక్కడు దాటినా అందరి విత్తనాలు చెడుతయని వాళ్ల నమ్మకం. ఇగ ఆయన లెక్క ఏందంటే, జామీనంటే పారిపోకుంట ఉండుడు. పండుగనాడు పొలిమేరల ఉన్నోని కన్నా పారిపోనోడు ఎవడు? ఎవరన్న అడిగితే ఇక్కడ్నే దొరుకుతడాయె. వాయిదా సంగతి యాదికున్నది, కానీ పండుగ అని కోర్టుకు కూడా ఎరుకే ఉంటది అనుకున్నడు. మనకు దీపావళికి కోర్టు బంద్ ఉంటది కదా, గట్లనే అనుకున్నడు. తప్పంటవా? నాకైతే తప్పనబుద్ధి కాలే.

కానీ రేపు పొద్దుగాల సంగతేంది? నేను చెప్పిన, నువ్వు రాకపోతే మళ్ల జైలే నాయనా అని. ఆయన నవ్వు పోయింది. పిల్లల దిక్కు చూసిండు, ఊరోళ్ల దిక్కు చూసిండు. "నేను దాటితే వీళ్ల పంట ఏమైతదమ్మా, నేను జైలుకే పోత" అన్నడు. చిన్న పిల్లకాయ వచ్చి ఆయన కాలు పట్టుకున్నడు అప్పుడే. నాకు కళ్లల్ల నీళ్లు తిరిగినయి. చెప్పరాదు గానీ బిడ్డా, ఏడ్చిన.

వాళ్ల పెద్దమనిషి, పటేలు అంటరు, మంచం మీద కూసోని చుట్ట చుట్టుకుంటున్నడు. వాళ్ల భాషల పూజారితోని ఏందో అన్నడు, ఆయన ఏందో అన్నడు, ముసలోళ్లంతా కలిసి గుసగుసలాడిండ్రు. ఆఖరికి పటేలు నాతోని అన్నడు. "ఒక్కడు పోరాదు. అందరం పోతే ఎవడూ ఊరు ఇడిసినట్టు కాదు. విత్తనాల గంప కూడా తీసుకొస్తం. ఊరే కోర్టుకాడికి వస్తది" అన్నడు.

ఊరంతా! ఎందుల తీసుకపోవాలె? ఉన్నది ఒక్క ట్రాక్టరు, అది కూడా చెడిపోయి ఉన్నది. భద్రు సారు, నేను గుట్ట మీదికి ఎక్కినం, అక్కడ సిగ్నలు వస్తది. మీ మామయ్యకు చేసిన. "ఒరే రాంబాబు, ట్రాక్టరు కొట్టుకోని రారా, పెద్ద ట్రాలీ తగిలిచ్చుకో" అన్న. ఎందుకు అన్నడు. ఊరు మొయ్యాలె అన్న. ఫోను పెట్టేస్తడనుకున్న. "డీజిలు కొట్టిచ్చుకోని వస్త, నువ్వు అన్నం తిన్నవా" అన్నడు. నా కొడుకే కదా మరి.

తెల్లారి బయలెల్లినం. ముసలి ముతక, చంటి పిల్లలు, డోలు, విత్తనాల గంప పూజారి ఒళ్లె. విల్లంబులు ఇంటికాడ పెట్టిచ్చిండు భద్రు సారు, లేకపోతే గేటుకాడ పోలీసాయన పానం పోతుండె. అంతా మంచిగనే ఉన్నది గానీ మీ మామయ్య ఒకటి మరిచిండు. ఆ ట్రాలీల అంతకు ముందు మిరపకాయ యార్డుకు తోలిండ్రు. ఊడ్వలే! ఇగ చూడు, ఊరు ఊరంతా తుమ్ములు. కోర్టు లోపలికి పోయినంక కూడా ఆగవు. బట్టలకు అంటిన దుమ్ము కదా, బెంచి గుమస్తా తుమ్మిండు, వకీళ్లు తుమ్మిండ్రు, రజిత మాట్లాడుకుంట మాట్లాడుకుంట తుమ్మింది. జడ్జి మేడం రుమాలు అడ్డం పెట్టుకోని "ఎవరమ్మా వీళ్లంతా" అన్నది. "ముద్దాయి ఊరు మేడం" అన్నది రజిత.

మేడం పటేలును ముందటికి పిలిచింది. ఆయన నిమ్మలంగ చెప్పిండు. "అమ్మా, మీరు ఒక్కన్ని రమ్మన్నరు. ఇయ్యాల మేం ఒక్కన్ని పంపే దినం కాదు. మీ మాట పోవద్దు, మా పండుగ పోవద్దని అందరం వచ్చినం" అన్నడు. మేడం కొద్దిసేపు గంప దిక్కు చూసింది. అండ్ల ఏమున్నయని అడిగింది. జొన్నలు, కందులు, బొబ్బర్లు అని చెప్పిండు పూజారి. ఆమె జోగయ్యను రెండు మాటలు అడిగి, వారెంటు లేదు అని రాసిచ్చింది. తర్వాతి వాయిదా ఏసే ముందు "అప్పుడు మీకేమన్న పండుగ ఉన్నదా" అని అడిగింది చూడు, నేను ఆమె తలకాయ మీద చెయ్యి పెట్టి దీవిద్దామనుకున్న. రజిత కొంగు పట్టి గుంజింది.

ఇప్పుడు మేం ఎవరికి జామీను నిలబడ్డా ముందుగాల అడిగేది అదే, మీ ఊళ్లె పండుగలు ఎప్పుడు అని. ఏడాదికి ఏడాది మారుతయి కాబట్టి గూడేలకు పోయి అడిగొస్తం. జోగయ్య కేసు కొట్టేసిండ్రు, ఆయనే ఇప్పుడు గూడేలన్నీ తిరిగి అడిగొస్తడు. మొన్న పండుగకు నన్ను పిలిస్తే పోయిన. తిన్న, కూసున్న, పొద్దుమీకుతుందని లేచిన. పటేలు పోనియ్యలే. "సుట్టమైతే పోవచ్చు, నువ్వు ఊరి మనిషివి, పొలిమేర దాటరాదు" అన్నడు. పండుగ అయ్యేదాంక ఆడ్నే ఉన్న. ముత్తమ్మ పక్కన పండుకోని పాటలిన్న. ఎంత సంబరమైందో చెప్పలేను నీకు.

ఇగ ఆ బీరువా సంగతి. మీ మామయ్య నా పాస్‌బుక్కు ఎందుకు వెతుకుతున్నడో ఎరికేనా? మన చేన్ల ఏరే ఒకామె పెనిమిటికి బెయిలు వచ్చింది, జామీను కావాలె. మీ మామయ్య సొంత పాస్‌బుక్కు ఇప్పటికే ఒకాయనకు కట్టేసి ఉన్నది. నాది ఖాళీ అయిందేమోనని ఆశ. నాదెక్కడ ఖాళీ, జోగయ్యది తెగంగనే ఇంకొకాయనకు పెట్టిన. మీ మామయ్యకు చెప్పలే, కాసేపు వెతకనీ అని.

ఏందే నవ్వుతున్నవ్? ఆ తాలు కాయ ఎర్రటి కాయలల్ల ఏసినవ్, తియ్యి. అవ్ గానీ, మీ నాయన పేరు మీద భూమి ఉన్నది కదా, ఖమ్మం కాడ? ఆ పాస్‌బుక్కు ఊకెనే ఉన్నదా బీరువల? అల్లున్ని నేను అడగరాదు, మర్యాద కాదు. నువ్వు అడుగు. బిడ్డ అడిగితే కాదంటడా? నీకు పుణ్యముంటది తల్లీ. నిండు నూరేండ్లు సల్లగుండు, నువ్వు ఏడికి పోయినా నీ ఎనక ఒక ఊరుండాలె. ఇగ ఆ ఫోను రికార్డు బంద్ చేసి, దాంతోనే మీ నాయనకు కలుపు.